చిన్నోడికి ఇంకా ఈకలు రాలేదు

మా మావయ్య దృష్టిలో ఈ లోకంలో ఏదీ గుమ్మం దాటడానికి తయారుగా ఉండదు. ఆయన దర్జీ. కుట్టడం పూర్తయిన కోటునైనా "అప్పుడే బయటికా? ఇంకాస్త వేలాడనీ, భుజాలు కుదురుకోవాలి" అని ఆపేసేవాడు. ఒకసారి ఓ పెళ్ళికొడుకు కింద కొత్త ప్యాంటు, పైన బనీనుతో వచ్చి మిషను పక్కన బైఠాయించాడు. "ముహూర్తం సాయంత్రం కదా, కంగారెందుకు బాబూ" అన్నాడు మావయ్య.

ఉద్యోగానికి దగ్గరని నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. నా జలుబు తగ్గిపోయినా ఆఫీసుకు వెళ్ళనిచ్చేవాడు కాదు. ముక్కు ఇంకా ఎర్రగానే ఉందనేవాడు. నా ముక్కు పుట్టినప్పటి నుంచీ ఎరుపే.

అలాంటి ఇంటికి అత్తయ్య అట్టపెట్టె నిండా కోడిపిల్లల్ని తెచ్చింది. వంటింటి మూల పెట్టి, పైన బల్బు వేలాడదీసింది. అత్తయ్య కోళ్ళ మధ్యే పెరిగిన మనిషి. కొన్నాళ్ళకి రెక్కల మీద ఈకలు మొలవడం చూసి, "ఏమండీ, మధ్యాహ్నం ఎండ బాగుంది, గాలి లేదు. కాసేపు పెరట్లో తిప్పి తెద్దాం" అంది.

"అప్పుడే బయటికా? పొట్ట మీద ఇంకా నూగే ఉంది."

"రోజంతా వదలమన్నానా? కాసేపే. ఒళ్ళంతా ఈకలు నిండాక ఎలాగూ బయటే ఉంటాయి."

మావయ్య ఆలోచించాడు. చొక్కా విప్పాడు. పెరట్లోకి వెళ్ళి నేల మీద బోర్లా పడుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పోస్ట్‌మాన్ గేటు తీశాడు. చేతిలో ఉత్తరాలన్నీ జారిపోయాయి. "అమ్మగారూ, అయ్యగారు..." అని ఇంట్లోకి కేకేశాడు.

"పోలేదయ్యా, కోడిపిల్ల ఎత్తులో గాలి ఎలా ఉందో చూస్తున్నా" అన్నాడు మావయ్య, తలెత్తకుండానే. "తడి కూడా ఉంది. రేపు చూద్దాం."

మర్నాడు నేల పొడిగా ఉన్నట్టు ఆయన పొట్టకు తెలిసింది. పెరట్లో చుట్టూ వల కట్టాడు. ఇక పైనుంచి గద్దలు రాకుండా కాపలా కాసేవాళ్ళు కావాలన్నాడు. నేనున్నానన్నాను. "నీకు దృష్టి నిలవదు" అని పై వాటాలోకి కేకేశాడు. "టీచరమ్మా, కాస్త గుమ్మంలో కూర్చుని ఆకాశం చూస్తారా?"

అత్తయ్యా నేనూ కొయ్యబారిపోయాం. పై వాటాలో అద్దెకుండే టీచర్‌గారికి రోడ్డు మీద ఏదో బండి తగిలి కాలు విరిగింది. కాలు అతుక్కుని చాలా కాలమైంది. అయినా గుమ్మం దాటడం మానేసింది. డాక్టరు చెప్పాడు, చుట్టాలు చెప్పారు, ఆఖరికి తిట్టారు. ఆమె మాత్రం తలుపు దగ్గరికి రాగానే చెమటలు పట్టి వెనక్కి వెళ్ళిపోయేది. అలాంటిది ఆ రోజు కుర్చీ జరుపుకుని గుమ్మంలో కూర్చుంది.

ఆ తర్వాత ఆ వల ఒక చోట నిలిచింది కాదు. ఇవాళ జామచెట్టు నీడన్నాడు, రేపు నూతి పక్కన గడ్డి బాగుందన్నాడు. "అక్కణ్ణుంచి కనపడదు టీచరమ్మా, ఓ రెండు మెట్లు దిగండి" అనేవాడు. ఆమె దిగేది. కొంచెంసేపటికే "ఇక చాలు, పిల్లలు అలిసిపోతాయి" అని పెట్టె లోపలికి మోసుకొచ్చేవాడు.

మెట్లన్నీ అయ్యేసరికి పిల్లలు పిల్లలు కావు. చిన్నోడని ఆయన పిలిచే పిల్ల పుంజయింది. పెట్టెలో పట్టక తల బయటికి పెట్టి, బల్బు కింద నిలబడి, తెల్లారకుండానే కూసేది.

"అది కూస్తోందండీ" అంది అత్తయ్య.

"గొంతొచ్చింది. ఈకలు రావద్దూ?"

"తోకే మూరెడుంది."

"పొట్ట చూడు, పొట్ట."

అత్తయ్య నా వైపు చూసింది. ఈయన్ని డాక్టరుకు చూపించాలా అన్నట్టుంది ఆ చూపు.

ఇంతలో బడి నుంచి కబురొచ్చింది. సోమవారం రాకపోతే టీచర్‌గారి చోట ఇంకొకరిని పెట్టుకుంటారట. ఆవిడ ఆ పూట పెరట్లోకి వచ్చింది గాని, గేటు వైపు తిరగలేదు.

మర్నాడు ఉదయం నేను బట్టలారేస్తుంటే చిన్నోడు వల మీంచి ఎగిరి, బార్లా తెరిచి ఉన్న గేట్లోంచి వీధిలోకి దూసుకుపోయాడు. "ఒరే చిన్నోడా, బస్సులురా" అని కేక వినిపించింది. అది టీచర్‌గారి గొంతు. చెప్పుల్లేకుండా, చీర ఎత్తి పట్టుకుని, నా పక్కనుంచే పరుగెత్తింది. చేతిలో తడి దుప్పటితో నేనూ వెనకాల పరుగు. కూరగాయల బండివాడు తక్కెడ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

తిరిగొచ్చేసరికి పుంజు ఆమె చంకలో ఉంది. మావయ్య మిషను ముందు నుంచి లేవలేదు.

"గేటు తీసిపెట్టి కుట్టుకుంటున్నారా బాబాయిగారూ? బస్సు కింద పడేవాడు."

"గొళ్ళెం వదులైనట్టుందమ్మా."

ఆమె ఇంకా ఏదో అనబోయి, దుమ్ము కొట్టుకున్న తన పాదాలు చూసుకుంది. నా వైపు తిరిగింది. "ఎంత దూరం వెళ్ళాను?"

"బస్టాపు దాకా."

ఆమె అరుగు మీద కూలబడింది. పుంజు వీపు నిమురుతూ వీధి వైపు చూసింది.

నేను వెళ్ళి గొళ్ళెం చూశాను. అది ఎంత బిగుతుగా ఉందంటే, రెండు చేతులా లాగితే గాని కదల్లేదు. మావయ్య వైపు చూశాను. ఆయన గబుక్కున తల వంచుకుని, "ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టవే, చూపు ఆనడం లేదు" అన్నాడు.

సాయంత్రం టీచర్‌గారు నన్ను పిలిచింది. మంచం కింద నుంచి తీసిన చెప్పులు తుడుస్తోంది.

"సోమవారం నాతో బడిదాకా వస్తావా?" అని అడిగి, మళ్ళీ తనే అంది. "వద్దులే. బస్టాపు దాకా చాలు. అక్కణ్ణుంచి నేనెళ్తాను."