చివరి ఇరవై ఎనిమిది సెకన్లు

మా పక్కింటి తమ్ముడు పోయాడని ఆయన భార్య గుంటూరు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు పొద్దున ఎనిమిదిన్నర. "వదినా, అయిపోయింది" అని మాత్రమే అంది. పెద్దగా బాధపడకుండా నిద్రలోనే పోయాడని తర్వాత తెలిసి, ఆ మేరకు మనసు కుదుటపడింది. కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. వెంటనే నా ఆలోచన ఆయన కంప్యూటర్ మీదికి పోయింది. రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఉన్నది ఉన్నట్టు రాయడమే నాకు అలవాటు. మా అత్తగారి పాటలు పూర్తిగా ఉన్నది అందులోనే, మరెక్కడా లేవు. వాటి పని పూర్తయిందో లేదో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆయన నాకు వరసకు తమ్ముడు కాదు. నరసరావుపేటలో మా పక్కింట్లో దిగిన రోజున నన్ను అక్కయ్యా అని పిలిచాడు, ముప్ఫై ఏళ్లూ అదే పిలుపు. అప్పట్లో బస్టాండు దగ్గర టేప్‌రికార్డర్లు బాగుచేసే కొట్టు నడిపేవాడు. క్యాసెట్ల కాలం పోయాక కొట్టు మూసి, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో చేరాడు. కంప్యూటర్ పని అక్కడే పట్టుబడింది. రిటైరయ్యాక ఆయనకు ఒకటే వ్యాపకం. పాటల్ని కుదించి చిన్న ఫైళ్లుగా మార్చే ప్రోగ్రాములనూ, వాటిని వినిపించే ప్రోగ్రాములనూ సరిచేస్తూ కూర్చునేవాడు. ఎవరైనా తెరిచి చూసి, బాగుచేసి, మళ్లీ అందరికీ ఇవ్వగలిగే ప్రోగ్రాములవి. మొహం కూడా తెలియని వాళ్లతో వాటి గురించి ఉత్తరాలు నడిపేవాడు.

ఆ తెర మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే.

"ఏంది తమ్ముడూ, బొమ్మ లేదు, బటన్ లేదు. మా స్కూలు బ్లాక్‌బోర్డు ఎత్తుకొచ్చావా?"

"బటనయితే పాటకోసారి నొక్కాలక్కయ్యా. ఇక్కడ ఒక్క వాక్యం రాస్తే వంద పాటలకీ ఒకేసారి చెప్పినట్టు. మీరు క్లాసులో నలభై మందికీ ఒక్కసారే చెప్పేవాళ్లుగా!"

"ఒక్కసారి చెబితే వినేవాళ్లా వాళ్లు?"

"ఇది వింటది. తప్పు చెప్పినా వింటది. అదే చిక్కు."

ఆ చిక్కు తీర్చడమే ఆయన పని. రాసేవాడు ఒక అక్షరం తప్పు కొడితే ఆ పాత ప్రోగ్రాము ఒక అంకె చూపించి ఊరుకునేది. ఆయన దాన్ని మార్చి, ఏ ఫైలు దొరకలేదో, ఎలా రాయాలో మామూలు మాటల్లో చెప్పేలా చేశాడు. ఆ మాటల తెలుగు నాచేత దిద్దించుకున్నాడు. ఉన్న ఫైలు మీద ఇంకొకటి రాయబోతే ముందు అడిగేలా చేశాడు. "మనిషి తప్పు చేస్తే తిట్టగూడదక్కయ్యా, ఏం చెయ్యాలో చెప్పాలి" అనేవాడు. ముప్ఫై నాలుగేళ్లు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషిని నేను. ఆ మాట ఎవరిని చూసి అన్నాడో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా అత్తగారిది గురజాల దగ్గర పల్లె. ఆవిడ పాటల్ని నేను ఇరవై మూడు క్యాసెట్లకు ఎక్కించాను. మొత్తం నూట పద్దెనిమిది పాటలు, అందులో ముప్ఫై ఒకటి జోలపాటలు. ఏ పాట టేపులో ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో నిమిషాలు, సెకన్లతో సహా నోటుపుస్తకంలో రాసి పెట్టాను. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. క్యాసెట్లకు బూజు పడుతోందని ఆయనకు చెబితే, అన్నీ పట్టుకెళ్లి, తుడిచి, నడిపించి, కంప్యూటర్లోకి ఎక్కించాడు. నెల తిరక్కుండా "అయిపోయినయ్యక్కయ్యా" అని క్యాసెట్లతో పాటు ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు.

పని అయిపోయాక సామాను ఇంట్లో ఉంచడం నాకు గిట్టదు. ఆ సాయంత్రమే క్యాసెట్లు పాత సామాన్లవాడికి వేసేశాను. అదే నేను చేసిన పొరపాటు.

మర్నాడు పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూడటం మొదలుపెట్టాను. మొదటి ఆరు పాటలు సరిగ్గా ఉన్నాయి. ఏడోది జోలపాట. నా పుస్తకంలో నాలుగు నిమిషాల యాభై సెకన్లు, ఫైల్లో నాలుగు నిమిషాల ఇరవై రెండే. ఇరవై ఎనిమిది సెకన్లు ఏమయ్యాయి? మిగిలిన జోలపాటలు తీశాను. ఒక్కటీ సరిపోలేదు. పుస్తకం పట్టుకుని ఆయన గుమ్మంలోకి వెళ్లాను.

ఆయన విని, తల గీరుకున్నాడు. "పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఎక్కడుందో ప్రోగ్రామే వెతికి కోస్తదక్కయ్యా. శబ్దం బాగా తగ్గిందంటే పాట అయిపోయినట్టే లెక్క. చివర్లో ఉన్నది ఖాళీయేగా?"

"ఖాళీ ఏందయ్యా? అప్పటికి పిల్ల నిద్రపోయింది!"

నేను కూర్చుని వివరించాను. మా అత్తగారు జోలపాటను ఒక్కసారిగా ఆపేది కాదు. ఆపితే పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. అందుకని చివరి చరణాన్ని గొంతు తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ, మాటలు పోయి కూనిరాగం మిగిలేదాకా, అదీ ఊపిరిలో కలిసిపోయేదాకా పాడేది. ఒళ్లో పిల్ల లేకుండా రికార్డరు ముందు పాడినప్పుడూ అంతే. ఆవిడ పాటంతా ఆ చివరనే ఉంటుంది.

"క్యాసెట్లు ఇటివ్వండి, మళ్లీ ఎక్కిస్తా" అన్నాడు.

వేసేశానని ఎలాగో చెప్పాను. తిట్టడానికి ఆయనకు అంతకన్నా మంచి అవకాశం దొరకదు. కానీ ఆయన లోపలికి చూస్తూ, "కుదించకముందు ఎక్కించిన పెద్ద ఫైళ్లు ఉన్నయ్యిలెండి. నేను అసలుని తుడవను. మీ పుస్తకం నాకియ్యండి" అన్నాడు.

ఆ పుస్తకం నేను ఎవరికీ ఇచ్చింది లేదు. ఇచ్చాను. "అందులో గీతలు పెట్టమాకు" అని మాత్రం చెప్పాను.

అప్పటినుంచి ఆయన ఆ ప్రోగ్రామునే మార్చడం మొదలుపెట్టాడు. శబ్దాన్ని బట్టి కాకుండా, మనిషి రాసిచ్చిన సమయాల పట్టీని చదివి, దాని ప్రకారమే కోసేలా. "యంత్రానికి చెవి ఉందిగానీ పెంపకం లేదక్కయ్యా. ఎక్కడ ఆగాలో తెలిసినోళ్లు చెప్పాల" అన్నాడు ఒకరోజు గోడ మీదుగా. ఆ వారంలోనే ఒంట్లో బాగాలేదని గుంటూరు తీసుకెళ్లారు. ఆసుపత్రిలో చూడబోతే, నేను అడగకముందే "మీ పని..." అని మొదలుపెట్టాడు. "మాట్లాడమాకు, ముందు కోలుకో" అని నేనే గదిమాను. అదే మా చివరి మాట.

పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక మా మరదలు, అంటే ఆయన భార్య, గోడ దగ్గరికొచ్చింది.

"వదినా, ఆ కంప్యూటరు మా అన్నయ్య వాళ్లకి కావాలంట. అందులో ఉన్నయ్యన్నీ తుడిపించి వాడుకుంటారంట. ఇచ్చెయ్యనా?"

"ఇవ్వమాక. ముందు నన్ను చూడనీ."

వాళ్లింట్లోకి వెళ్లి చూస్తే, కంప్యూటర్ బల్ల మీద నా పుస్తకం ఉంది. ఒక్క గీత లేదు. నా మాట అంత కచ్చితంగా పాటించాడు. దాంతో ఎన్ని పాటలు సరిచేశాడో, ఎక్కడ ఆగిపోయాడో తెలిసే దారి లేకుండా పోయింది. నోరు మూయించిందీ నేనే, గీత పెట్టొద్దన్నదీ నేనే.

"నీకేమన్నా తెలుసా ఏమే, ఇందులో?"

"నాకు ఒక్కటే తెలుసొదినా. పొద్దున కాఫీ కలిపే ముందు నాచేత కొట్టించేవాడు. పాడు అని, పక్కన నంబరు. ఇంగ్లీషు అక్షరాల్లో. ఎప్పుడన్నా తప్పు కొడితే అదే చెప్పేది, ఇట్టా కొట్టు అని."

"ఏడు కొట్టు."

కొట్టింది. మా అత్తగారి గొంతు గదిలోకి వచ్చింది. తెర మీద ఒక పక్క అయిన సెకన్లు, ఇంకో పక్క మిగిలినవి. నేను మిగిలినవాటిని చూడలేదు, పుస్తకం అట్ట అడ్డం పెట్టుకున్నాను. నాలుగు నిమిషాలు. నాలుగుంబావు. చివరి చరణం మొదలైంది. గొంతు తగ్గుతోంది. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

ఇరవై మూడు.

పాట ఆగలేదు. "ఏమైందొదినా, ఎందుకు ఏడుస్తున్నావు?" అంటోంది మరదలు. నేను చేత్తో ఊరుకోమని సైగ చేశాను.

తర్వాత మూడు మధ్యాహ్నాలు ఇద్దరం కూర్చుని మిగిలిన ముప్ఫై జోలపాటలూ విన్నాం. ప్రతి ఒక్కటీ నా పుస్తకంతో సెకను తేడా లేకుండా సరిపోయింది. అన్నీ పూర్తిచేసే ఆసుపత్రికి వెళ్లాడన్నమాట. అక్కడ చెప్పబోయింది అదేనని ఇప్పుడు నాకు రూఢి అయింది. ఫైళ్లన్నీ, పెద్దవాటితో సహా, మూడు చోట్ల దాచుకున్నాం. పుట్టింటివాళ్లకు మరదలే ఫోన్ చేసింది. "ఇయ్యనన్నయ్యా. నాకు పొద్దున పాటలు కావాల" అంది. సమయాల పట్టీ ప్రకారం కోసే పద్ధతిని ఆయన, మొహం తెలియని ఆ మిత్రులకు ముందే పంపించాడని కంప్యూటర్లోని ఉత్తరాల్లో కనబడింది. దాన్ని అందరికీ ఇచ్చే ప్రోగ్రాములో కలిపామని వాళ్ల నుంచి జవాబు కూడా వచ్చి ఉంది.

ఇంట్లో పాత క్యాసెట్లు ఉన్నవాళ్లకు ఒక్క మాట చెబుతాను. ఎవరు ఎంత బాగా ఎక్కించిచ్చినా, ప్రతి పాటా చివరిదాకా వినండి. విన్నాకే అసలుని వదలండి. అందరికీ నా తమ్ముడి లాంటివాడు పక్కింట్లో ఉండడు.

ఆ మూడో మధ్యాహ్నం సరిచూడటం అయిపోయాక పుస్తకం మూసి లేవబోయాను. మరదలు లేవలేదు. "ఊరికే ఒకటి విందామొదినా, లెక్క కోసం కాదు" అని తనే ఏదో నంబరు కొట్టింది. పాట చివరికొచ్చేసరికి ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉందని లేచి స్విచ్చి తీసేసింది. రెక్కలు నెమ్మదిస్తున్నాయి, గొంతూ నెమ్మదిస్తోంది. నాకిక ఆవిడ ఊపిరి తప్ప ఏమీ వినబడటం లేదు.

"ఇంకా ఉందా?" అంది మరదలు, నెమ్మదిగా, ఎవరో నిద్రపోతున్నట్టు.

తెర మీద సెకన్లు కదులుతున్నాయి. "ఉంది" అన్నాను, నేనూ అంతే నెమ్మదిగా.