సముద్రం వైపు నుంచి నా గొంతు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే మొదట నవ్వేది నేనే. హాస్టల్లో అమ్మాయిలంతా ఒకే దుప్పట్లో దూరి భయం కథలు చెప్పుకుంటుంటే, "ఆ లైటు తీసేస్తే పడుకుంటాను" అని విసుక్కున్న మనిషిని. ఇప్పుడు మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేస్తున్నాను. ఎవరేం చెప్పినా ముందు అనుమానించడానికే నాకు జీతమిస్తారు. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు మొహమాటపడ్డాను. చదివి మీరు నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు. నేనే ఇప్పుడు నవ్వలేకపోతున్నాను.

పోయినేడు వేసవిలో మా అత్తమ్మ మా దగ్గరికి వచ్చింది. ములుగు వైపు అడవి గూడేల్లో నర్సుగా తిరిగి, సూదులు వేసి, కాన్పులు చేసి రిటైరైన మనిషి. నాలుగు గోడల మధ్య కూర్చోబెడితే కూర్చునే రకం కాదు. మా బాల్కనీలోంచి రోజూ అవే కార్లు చూసి విసుగెత్తి, "గిదేనానే జర్మనీ అంటే?" అని నన్ను ఆటపట్టించేది. ఆమెకు సముద్రం చూపించాలని మా ఆయన శ్రీకాంత్, ఉత్తర తీరంలోని కీల్ రేవు నుంచి బయల్దేరే ఒక చిన్న క్రూజ్ బుక్ చేశాడు. మేమిద్దరం, అత్తమ్మ, మా ఆరేళ్ళ కూతురు నిత్య. నిత్యకి తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ, నోరు తెరిస్తే సగం జర్మనే.

ఓడ ఒక పగలంతా ఆగిన ఊరు జాస్‌నిట్స్. రూగెన్ దీవి మీద, తెల్లటి సుద్ద కొండల పక్కన ఉన్న రేవు. మేం దిగేసరికే వాన పట్టుకుంది. కుండపోత కాదు, అలాగని ఆగేదీ కాదు. గొడుగు వేసుకున్నా బట్టల్లోకి దిగే వాన.

రేవు దగ్గర చేప పెట్టిన రొట్టెలు అమ్మే కొట్ల మధ్య, నాలుగు ముఖాలున్న నిలువెత్తు చెక్క విగ్రహం ఒకటి ఉంది. జర్మన్లు రాకముందు ఈ దీవిలో బతికిన స్లావ్ తెగవాళ్ళ దేవుడట. బయటివాళ్ళు వచ్చి వాళ్ళ గుడి కూల్చి మతం మార్చారని, మెల్లగా వాళ్ళ భాష కూడా పోయిందని ఓడ తరఫున వచ్చిన గైడ్ చెప్పింది. వాళ్ళకన్నా వేల ఏళ్ళ ముందు ఇక్కడ బండరాళ్ళతో సమాధులు కట్టిన జనం ఇంకెవరో ఉన్నారట. వాళ్ళ పేరు కూడా ఎవరికీ తెలియదట.

అత్తమ్మ ఆ విగ్రహం చుట్టూ తిరిగి చూసింది. "మన బ్రహ్మదేవుని లెక్కనే ఉన్నడు గదనే! పాపం, వానల నిలవెట్టిండ్రు" అంది. నిత్య పకపకా నవ్వింది. ఆ రోజు మేం మనసారా నవ్వుకున్నది అదే ఆఖరు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బస్సెక్కి అడవిలోకి వెళ్ళాం. బస్సు స్టాపు దగ్గర ఒక చిన్న కఫే ఉంది. అక్కడి నుంచి మట్టిదారి పట్టి కొంచెం దూరం నడిస్తే పాత రాతి సమాధి, అదే దారిలో ఇంకా ముందుకెళితే సముద్రం మీదికి నిలబడ్డ సుద్ద కొండ అంచు. అంచు పొడవునా కర్ర కంచె. వానకు కొండ విరిగి పడుతుంది, కంచె దాటకండి అని బస్సు స్టాపు దగ్గరే బోర్డు పెట్టారు. నేను దాన్ని నిత్యకి చదివి వినిపించాను కూడా.

రాతి సమాధి అంటే పెద్దగా ఏమీ లేదు. నాలుగు వైపులా నిలబెట్టిన బండలు, పైన ఒక పెద్ద బండ మూత, ముందు వైపు వంగి దూరేంత సందు. అత్తమ్మ దాన్ని చూసి దారి మధ్యలో నిలబడిపోయింది.

"గివి మన దిక్కు రాకాసి గుళ్ళే గద! తాడ్వాయి అడివిల నేనెన్ని సూడలె!"

జర్మన్లు కూడా వీటిని రాక్షసుల సమాధులనే అంటారని శ్రీకాంత్ చెబితే ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. గూడెం వాళ్ళు ఆ గుళ్ళ ముందు నుంచి పోయేటప్పుడు ఒక ఆకు వేసి పోతారట, ఊరికే పోరట. అత్తమ్మ కొమ్మ విరవబోతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను. ఇది నేషనల్ పార్క్, ఆకు తెంపినా ఫైన్ వేస్తారు. ఆమె నా వైపు ఒక చూపు చూసి, కింద రాలి పడ్డ రెమ్మ ఏరి రాతి ముందు పెట్టింది. నిత్య చేత కూడా ఒకటి పెట్టించింది. మేమిద్దరం పెట్టలేదు. నేను ఫోటోలు తీస్తున్నాను, శ్రీకాంత్ తిరుగు బస్సు టైము చూస్తున్నాడు.

నిత్య అప్పటికే దారిలో ముందుకు ఉరుకుతోంది. "నిత్యా! ఆగు! నిత్యా!" అని గట్టిగా కేకేశాను. అత్తమ్మకి కోపం వచ్చింది.

"అడివిల పొల్లను పేరువెట్టి గట్ల ఒర్రకు బిడ్డా. ఇనేటోళ్ళు మనమొక్కలమే ఉండం."

నాకు చిరాకేసింది. నిత్య వెనక్కి వచ్చి మా దగ్గరే గంతులేస్తోంది. ఎర్ర రెయిన్‌కోటు, టోపీ తల మీద ఉంది. నేను ఫోను తడవకుండా సంచిలో పెట్టుకుని, జిప్పు లాగి తలెత్తాను. పిల్ల లేదు.

ఆ చోట దాక్కోవడానికి ఏమీ లేదు. చెట్లు ఎత్తుగా, నున్నగా, దూరం దూరంగా ఉన్నాయి. శ్రీకాంత్ మొదట చూసింది సమాధి లోపలే. ఫోన్ టార్చ్ వేసి, నడుం దాకా లోపలికి దూరి చూశాడు. తడి ఆకులు తప్ప ఏమీ లేవన్నాడు. అతని భుజం పక్క నుంచి నేనూ వంగి చూశాను. ఖాళీ.

తర్వాత ముగ్గురం విడిపోయాం. పిల్ల తిరిగొస్తే కనిపించేలా అత్తమ్మని శాలువా కప్పి సమాధి ఎదురుగా ఒక రాయి మీద కూర్చోబెట్టాం. శ్రీకాంత్ కొండ అంచు వైపు పరిగెత్తాడు. సాయం అడగడానికి నేను వెనక్కి కఫేకి పరిగెత్తాను. ఆ దారంతా పేరు పెట్టే అరిచాను, అత్తమ్మ మాట గుర్తుండి కూడా. ఇంకెలా పిలుస్తారు ఎవరైనా?

కఫే ఆవిడ నన్ను చూడగానే లోపలికి లాక్కెళ్ళి, పార్క్ వాళ్ళకి ఫోన్ చేసింది. నేను అక్కడి నుంచే శ్రీకాంత్‌కి ఫోన్ చేశాను. ఇక్కడి నుంచి నేను చెప్పేది జాగ్రత్తగా చెబుతాను, ఎందుకంటే నేను చెవులారా విన్నది ఇదొక్కటే.

శ్రీకాంత్ ఫోన్ ఎత్తాడు. "ఎక్కడున్నావ్?" అని అడిగాను. అటునుంచి వాన చప్పుడు. ఆ వానలో, కొంచెం దూరంగా, ఒక ఆడమనిషి పిలుస్తోంది. "నిత్యా... ఇటు రా నాన్నా..."

అది నా గొంతు. మొదట ఎకో అనుకున్నాను, ఫోన్లలో మామూలే. కానీ ఎకో అయితే నేనన్న మాటే తిరిగి రావాలి. నేను "ఇటు రా" అనలేదు. శ్రీకాంత్ ఊపిరి దగ్గరగా వినిపిస్తోంది. చాలా మెల్లగా అడిగాడు.

"స్వప్నా, నువ్వు యాడున్నవ్?"

"కఫేలో."

లైన్ కట్టయింది.

అతను తర్వాత చెప్పింది ఇది. కంచె దగ్గరికి చేరకముందే అవతలి నుంచి నా పిలుపు వినిపించిందట. నేను ఇంకో దారిలో వచ్చి కంచె దాటేశానని భయపడి, "ఆగు, ముంగటికి పోకు" అని అరుస్తూ అటే పరిగెత్తాడట. ఒక కాలు కంచె మీద వేశాక జేబులో ఫోన్ మోగిందట. చూస్తే నా పేరు. ఎత్తితే చెవిలో నా గొంతు, ఎదురుగా కంచె అవతల నుంచి కూడా నా గొంతే. అవతల నేల లేదు. గాలి, వాన, కింద సముద్రం. కంచె గుంజకి నిత్య ఎర్ర రెయిన్‌కోటు వేలాడుతోంది.

ఆ కోటు చూశాక శ్రీకాంత్ కింద కూలబడిపోయాడు. నా కూతురు కొండ మీద నుంచి పడిపోయిందనే ఇద్దరం అనుకున్నాం. అతను మళ్ళీ ఫోన్ చేసి ఆ మాట చెప్పలేక, "కోటు దొరికింది" అని మాత్రం అన్నాడు. నేను కఫే నుంచి ఎలా వచ్చానో నాకు తెలియదు. దారిలో రెండు సార్లు పడ్డానని మోకాళ్ళు చూసుకున్నాకే తెలిసింది.

సమాధి దగ్గరికి వచ్చేసరికి అత్తమ్మ రాయి మీద అలాగే కూర్చుని ఉంది. అప్పుడే, నా కళ్ళ ముందే, ఆ రాతి సందులోంచి నిత్య పాక్కుంటూ బయటికి వచ్చింది.

ఏడుపు లేదు, భయం లేదు. జడలు పొద్దున నేను వేసినవి వేసినట్టే ఉన్నాయి. కోటు లేదు, అయినా తల తడవలేదు. చొక్కా పొడిగా, వెచ్చగా ఉంది. పొయ్యి దగ్గర కూర్చుని లేచిన పిల్లలా ఉంది. దాన్ని కావలించుకుని ఎంతసేపు ఏడ్చానో, ఎన్ని దెబ్బలు వేయబోయి ఆగానో నాకే తెలుసు. అత్తమ్మ మాత్రం ఒకటే మాట అంటూ ఉంది. "నేను కన్నార్పలె బిడ్డా. ఎవ్వలు లోపటికి పోలె, ఎవ్వలు బయటికి రాలె."

నేను ఫోన్ చేస్తే శ్రీకాంత్ పరిగెత్తుకొచ్చాడు. పార్క్ మనుషులు వచ్చారు, పిల్ల దొరికిందని సంతోషించారు, మమ్మల్ని మందలించారు కూడా. పిల్లలు ఇలా దూరి దాక్కోవడం మామూలేనన్నారు. బస్సు దగ్గరికి నడుస్తుంటే అత్తమ్మ వెనకబడింది. తిరిగి చూస్తే ఆమె ఒంటి మీద శాలువా లేదు. చలికి వణుకుతోంది. శాలువా ఆ రాతి దగ్గరే వదిలొచ్చిందని అర్థమై, నా స్వెటర్ విప్పి ఇచ్చాను.

ఓడెక్కాం. కాబిన్‌లో నిత్యకి వేడి పాలు ఇచ్చి, కోప్పడకుండా అడిగాను. అది పాలమీసంతో, స్కూల్లో జరిగింది చెప్పినట్టే చెప్పింది.

లోపల ఒక ఓమా ఉందట. అంటే ముసలావిడ. నానమ్మలాగే ఉందట, చెప్పులు లేవట. వానలో తిరగొద్దని లోపల కూర్చోబెట్టుకుందట.

"నాన్న టార్చ్ వేశాడు కదా, నువ్వు కనిపించలేదేం?"

"నేను పాపాని చూశా. నిన్ను చూశా. నానమ్మని కూడా చూశా. ఓమా ఇలా పెట్టింది" అని వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"మేం అంత పిలిస్తే ఎందుకు పలకలేదమ్మా?"

"ఓమా నైన్ అంది. మెయర్ వైపు నుంచి పిలిచేది నిష్ట్ మమ్మా అంది."

నైన్ అంటే వద్దు. మెయర్ అంటే సముద్రం. నిష్ట్ మమ్మా అంటే అమ్మ కాదు అని. నా చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టేశాను.

"మరి నీ కోటు?"

"ఓమా తీసి బయట పెట్టింది. ఆ మమ్మాకి ఇచ్చేసింది. అప్పుడు తను పిలవడం ఆపేసింది."

శ్రీకాంత్ లేచి బాత్రూమ్‌లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. కంచె దగ్గర విన్నది అతను అప్పటికి నాకు ఒక్కదానికే చెప్పాడు, అదీ పిల్ల వినకుండా. అడవిలో పేరు పెట్టి పిలిస్తే పలకొద్దని దీనికి ఎప్పుడైనా చెప్పావా అని అత్తమ్మని అడిగాను. కథల్లో చెప్పి ఉంటానంది, కాదనలేదు. "గని ఓమా సంగతి నాకేం ఎరుక? ఎవలైతేంది, దండం వెట్టుకో" అని అటు తిరిగి పడుకుంది.

అప్పటి నుంచి నా వృత్తి ధర్మం ప్రకారం అన్ని రకాలుగా ఆలోచించాను. లోపల ఏదో మూల చీకట్లో నక్కితే మేం చూడలేదనుకోవచ్చు. కోటుని ఏ కుక్కో నోట కరుచుకుని పోయిందనుకోవచ్చు. ఓమా అంతా నానమ్మ కథల్లోంచి పిల్ల అల్లుకున్నదే అనుకోవచ్చు. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఫోన్‌లో విన్న నా గొంతు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇవేవీ అతకవు.

అత్తమ్మ ఊరెళ్ళిపోయింది. నిత్య మామూలుగానే ఉంది, ఒక్క విషయంలో తప్ప. ఇంట్లో పక్క గదిలోంచి నేను పిలిస్తే అది పలకదు. చడీచప్పుడు లేకుండా వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి నా ముఖం చూస్తుంది. చూశాకే "యా, మమ్మా" అంటుంది. నేను తిట్టను. పలకకపోవడమే మంచిదని నాకూ అనిపిస్తోంది.

మొన్న ఆదివారం పొద్దున్నుంచీ వాన. వంటింట్లో నేను దోసెలు పోస్తున్నాను. నిత్య నా పక్కనే స్టూల్ మీద కూర్చుని బొమ్మ గీసుకుంటోంది. ఉన్నట్టుండి పెన్సిల్ ఆపి, బాల్కనీ తలుపు వైపు తల తిప్పింది. చెవి పెట్టి విని, నా చున్నీ కొస పట్టుకుంది.

"మమ్మా, నువ్వు ఇక్కడే ఉన్నావు కదా?"

ఉన్నానన్నాను. స్టవ్ ఆపి, బాల్కనీ తలుపు గడియ పెట్టి వచ్చాను.