మైకు యేసుదాసు కూతురి మాట

అవనిగడ్డ బస్టాండు వెనక సందులో యేసుదాసుకి మైకు సెట్ల షాపుంది. పెళ్లిళ్లకీ, సువార్త సభలకీ సౌండు బాక్సులు అద్దెకిస్తాడు గానీ, దివిసీమ ఆయన్ని తలుచుకునేది అందుకు కాదు. బందరు నుంచి గుడివాడ దాకా ఎక్కడ కబడ్డీ పోటీలు జరిగినా మైకు ఆయన చేతిలోనే ఉండాలి. ఇంట్లో "ఒసేయ్, కాసిని మంచినీళ్లియ్యవే" అనే మనిషి, మైకు అందుకోగానే "క్రీడాభిమాన సోదర సోదరీమణులారా" అంటూ ఎక్కడెక్కడి మాటలో తెచ్చి కుప్పపోస్తాడు. ఆట చూడ్డానికి వచ్చేవాళ్లు సగమైతే, యేసుదాసు ఎవర్ని ఆటపట్టిస్తాడో విందామని వచ్చేవాళ్లు సగం.

ఆ విషయంలో ఆయనకి దయాదాక్షిణ్యాలు తక్కువే. ఒకసారి బంటుమిల్లిలో బహుమతులివ్వడానికి దుర్గాప్రసాద్ అనే మాజీ ఆటగాడు వచ్చాడు. దుబాయిలో రెండేళ్లుండి వచ్చినవాడు కాబట్టి మాటమాటకీ "యూ నో, యూ నో" అన్నాడు. ఆయన అలా కూర్చున్నాడో లేదో, యేసుదాసు మైకు తీసుకుని అచ్చం అలాగే నాలుగు వాక్యాలు అప్పజెప్పాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. ఇవాళ బంటుమిల్లిలో దుర్గాప్రసాద్ ఇల్లెక్కడంటే చెప్పేవాళ్లు దొరకరు. యూనో గారిల్లంటే మాత్రం చెయ్యి పట్టుకు తీసుకెళ్లి గుమ్మంలో దింపుతారు. ఈ సంగతి పదిమందికీ చెప్పి యేసుదాసు ఏళ్ల తరబడి నవ్వుకున్నాడు.

కూతురు పోలండు నుంచి ఇంటికొచ్చిన పూట ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

కూతురు సునీత కబడ్డీ ఆటగత్తె. కూతకెళ్లి కాలు చాపిందంటే అవతలివాళ్లలో ఒకరు బయటికి నడవాల్సిందే. రాష్ట్రం తరఫున ఆడింది. మూడేళ్ల కిందట పోలండులో ఆడపిల్లల జట్టొకటి ఆట నేర్పడానికి రమ్మంటే వెళ్లింది. అక్కడ కబడ్డీ ఏంటని ఊరందరితో పాటు యేసుదాసు కూడా అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా విమానమెక్కేసింది. ఇప్పుడు నెల్రోజుల సెలవు మీద వచ్చి, అన్నానికి కూర్చుంది.

"అమ్మా, పెరూగు వెయ్యి."

తల్లి కృపమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "ఏం వెయ్యమంటావే?"

"పెరూగు."

పోలండు వాళ్లు ఏ మాటలోనైనా చివరి అక్షరానికి ముందున్నదాన్ని నొక్కి పలుకుతారట. పొద్దస్తమానం వాళ్ల మధ్యే బతికి, సునీత తెలుగు మాటల్ని కూడా సరిగ్గా అక్కడే కాలేసి తొక్కుతోంది. పులుసు పులూసయింది, మనిషి మనీషయింది. పైగా వాళ్ల వాడుకలో "నో" అంటే ఊఁ అనడమేనట. ఇంకాస్త అన్నం పెట్టనా అని తల్లి అడిగితే "నో" అంటుంది, పెట్టకపోతే అలుగుతుంది. ఫోన్లో ఎప్పుడూ తల్లి చెప్పేది విని ఊఁ కొట్టి పెట్టేసేది కాబట్టి ఇన్నాళ్లూ ఈ సంగతి బయటపడలేదు. కృపమ్మకి ఇదంతా ముద్దుగా ఉంది. పక్కింటికీ ఎదురింటికీ వెళ్లి మరీ కూతురి మాట పలికి చూపించి వస్తోంది.

యేసుదాసుకి మాత్రం ముద్ద దిగలేదు. ఎవరి మాట ఎక్కడ వంకర తిరిగిందో చప్పున పట్టేసే చెవి ఆయనది. ఆ చెవిని ఈ ప్రాంతం జనానికంతా అంటించింది కూడా ఆయనే.

మర్నాడు గుడివాడ పోటీల కమిటీ పెద్ద శోభనాద్రి గారు ఫోన్ చేశారు. ఫైనల్ రోజున సునీతకి సన్మానమట, ఆమె మైకులో నాలుగు మాటలు మాట్లాడాలట.

"అమ్మాయికి గొంతు పట్టేసిందండీ," అన్నాడు యేసుదాసు.

"ఇంకా వారం ఉందిగా దాసూ. పసుపేసి పాలు తాగించు, అదే వదుల్తది."

"పోనీ అమ్మాయి తరఫున నేను మాట్లాడతానండీ."

"నిన్ను ముప్ఫై ఏళ్ల నుంచీ వింటానే ఉన్నాంగదయ్యా!"

ఇక తప్పదని తెలిశాక యేసుదాసు షాపులో కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "పెరుగు అనమ్మా. చివర్న తేల్చి వదిలెయ్."

"పెరూగు."

"మధ్యలో కూర్చోకమ్మా, అలా జారిపోవాలి. పెరుగు."

"అదే అన్నాను గదా నాన్నా. పెరూగు." సునీత నవ్వు ఆపుకోలేక బాక్సు మీద వాలిపోయింది.

"నవ్వుతావేంటే! గుడివాడ జనం సంగతి నీకు తెలీదు. ఒక పేరు పెట్టారంటే అది చచ్చేదాకా పోదు. రేపు నువ్వు దేశం తరఫున ఆడి కప్పు తెచ్చినా, పెరూగు సునీత అనే అంటారు. నేను భరించలేనమ్మా."

"ఆ జనానికి పేర్లు పెట్టడం నేర్పిందెవరో!" అంది అన్నం క్యారియరు తెచ్చిన కృపమ్మ. యేసుదాసు విననట్టు వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

ఫైనల్ రోజున ముగ్గురూ సౌండు బాక్సులతో పాటు వ్యానెక్కి, చల్లపల్లి, పామర్రు మీదుగా గుడివాడ చేరారు. సాయంత్రానికి గ్రౌండు కిక్కిరిసిపోయింది. యేసుదాసు కూతుర్ని పరిచయం చేయడం మొదలుపెట్టి ఎంతకీ ముగించలేదు. "కృష్ణాతీర క్రీడాకిరణమా" అన్నాడు, "దివిసీమ దివ్యతేజమా" అన్నాడు. ఆమెకి మాట్లాడే టైము మిగలకుండా చేద్దామని ఆయన ఆశ. శోభనాద్రి గారు మూడోసారి చెయ్యి ఊపాక మైకు కూతురి చేతికిచ్చి, వెళ్లి యాంప్లిఫయర్ దగ్గర కూర్చున్నాడు. రెండు వేళ్లు సౌండు తగ్గించే మీట మీద పెట్టాడు. జనం నవ్వారో, మీట తిప్పేసి వైరు తెగిందని చెప్పేద్దామని ముందే అనుకున్నాడు.

"అందరీకి నమస్కారం," అంది సునీత. "పోలండులో మా పిల్లాలు మీ అందర్నీ అడిగామని చెప్పమన్నారు."

"పిల్లాలు!" అని వెనక వరసలోంచి ఎవరో అందుకున్నారు. పక్కవాడు నవ్వాడు. ఆ నవ్వు వరస వెంట వరస పాకి ముందుకొచ్చింది. ఎన్నోసార్లు తానే పనిగట్టుకుని పుట్టించిన నవ్వు అది. ఈసారి అది తన బిడ్డ మీదికి వస్తోంది. యేసుదాసు వేళ్లు మీట మీద బిగిశాయి.

సునీత కూడా నవ్వేసింది. "నవ్వండి, పర్లేదు. నేను వెళ్లిన కొత్తలో వాళ్లూ నా మాటకి ఇలాగే నవ్వారు. ఇప్పుడక్కడ ప్రాక్టీసు జరుగుతా ఉంటది. మీరే వినండి," అని ఫోన్ కలిపి మైకు దగ్గర పెట్టింది.

బాక్సుల్లోంచి మ్యాటు మీద పాదాల చప్పుడు వినిపించింది. ఆ వెనకే ఒక ఆడపిల్ల గొంతు పెద్దగా అరిచింది.

"ఏమే, ఎక్కడ చూస్తన్నావే? కాలు పట్టుకోమంటే చెయ్యి పట్టుకుంటావేంటే! లాగవే!"

గ్రౌండంతా గప్‌చుప్‌గా అయిపోయింది. ఆ "ఏంటే" సాగదీసిన తీరు నాగాయలంక రేవులో నిలబడి అరిచినట్టే ఉంది.

"ఆటలో ఊపొస్తే నాకు తెలుగే వస్తది," అంది సునీత. "వినీ వినీ వాళ్లూ అలాగే తిట్టుకుంటన్నారు. ఇప్పుడు అరిచింది మాగ్దా, మా కెప్టెను. నా గదిలోనే ఉంటది, తెలుగు బాగానే మాట్లాడతది. మాగ్దా, మా నాన్న ఇక్కడే ఉన్నారు, మాట్లాడు."

యేసుదాసు తబ్బిబ్బయ్యాడు. లేచి వచ్చి, ఫోన్ ముందు గొంతు సవరించుకుని, అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు. "సుదూర ఐరోపా ఖండ నివాసినీ, క్రీడాకుసుమమా! గుడివాడ పురప్రజల పక్షాన నీకు హృదయపూర్వక అభినందన మందారమాలలు!"

 అవతల్నుంచి మాగ్దా చాలా మర్యాదగా అడిగింది.

"మీ మాట అర్థం కాలేదండీ. మీది ఏ దేశమండీ?"

గుడివాడ గుడివాడంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. శోభనాద్రి గారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. ఇన్నేళ్లలో ఆ నవ్వు యేసుదాసు మీద పడడం అదే మొదలు. చిత్రంగా ఆయనకి ఏమాత్రం చిన్నతనం అనిపించలేదు. ఇప్పుడు ఎవరూ సునీతని చూసి నవ్వడం లేదు, అది చాలనిపించింది. ఆయన ఫోన్ మీదికి వంగి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"నేను సునీత వాళ్ల నాన్ననమ్మా. అన్నం తిన్నావా?"

"తిన్నానండీ. మీరు కూడా వేళకి తినండి. ఆకలి చంపుకుంటే గ్యాస్ పట్టేస్తది."

ముందు వరసలో కృపమ్మ లేచి నిలబడింది. "అది నా మాటే! రోజూ ఫోన్లో దానికి నేను చెప్పేదే అది!" అని చుట్టూ ఉన్న ఆడవాళ్లకి చెబుతూ ఏడ్చేసింది.

 మన మాట ఆ దేశంలో అరిగిపోయిందని యేసుదాసు వారం రోజులుగా కుమిలిపోతున్నాడు. అక్కడెవరో పిల్ల నోట తన భార్య మాట యాసతో సహా విన్నాక ఆయన కడుపు నిండిపోయింది. "మళ్లీ అనమ్మా, ఆ గ్యాస్ సంగతి," అని ఫోన్లో చెప్పి, వెళ్లి మీట చివరికంటా తిప్పి సౌండు పెంచాడు.