చివరి తలుపుకు కట్టిన పూస

కార్డు చూపించగానే రీడరు చిన్నగా కూస్తుంది. వెంటనే తలుపు పైనున్న అయస్కాంతం పట్టు వదులుతుంది, టక్‌మని. అమీన్‌పూర్‌లోని మా ఆఫీసులో ఈ రెండు చప్పుళ్ళూ రోజంతా వినిపిస్తూనే ఉంటాయి, ఎవరూ తలెత్తి చూడరు. నేను మాత్రం ఆ రెంటి మధ్య ఉండే ఎడాన్ని వింటాను. అది ఏ కొంచెం సాగినా ఆ తలుపులో ఏదో లోపం ఉందని నాకు తెలిసిపోతుంది. ఈ చెవి నాకు పుట్టుకతో రాలేదు. చిట్కుల్ యాదమ్మ దగ్గర వచ్చింది.

మాది జిన్నారం వైపు ఊరు. మా తాతగారి కచేరీ ముందు జనం చెప్పులు విడిచి లోపలికి వచ్చేవారు. మేము ఎవరి గుమ్మం ముందూ విడిచినవాళ్ళం కాదు. తరవాత భూములు పోయాయి. కొన్ని చట్టం కింద పోయాయి, కొన్ని కోర్టుల్లో పోయాయి, మిగిలినవి మా నాన్నగారి పట్టింపుల్లో పోయాయి. నా వంతు వచ్చేసరికి ఇంటిపేరు, నిటారు నడక, ఎలక్ట్రానిక్స్‌లో ఒక డిప్లొమా మిగిలాయి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మొదటి రెండింటితో ఎవరికీ పని లేదని తెలిసి, మూడోదాన్ని తీసుకుని పటాన్‌చెరు వెళ్ళాను. ఫ్యాక్టరీల తలుపులకు కార్డు రీడర్లు బిగించే కాంట్రాక్టరు ఒకాయన ఉండేవాడు. నేను బతిమాలలేదు. సర్టిఫికెట్ ఆయన బల్ల మీద పెట్టి నిలబడ్డాను. ఆయన చదివి, "యాదమ్మ చేతికింద చెయ్యి" అన్నాడు.

యాదమ్మకు అప్పుడు నలభై అయిదేళ్ళుంటాయి. రేడియో విడిభాగాల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి సోల్డరింగ్ చేసి, అది మూతపడ్డాక ఈ పనిలోకి వచ్చింది. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కునేది, నడుము దగ్గర టెస్టరు దోపుకునేది. మొదటి రోజు నా ఇస్త్రీ బట్టలను పైనుంచి కింది దాకా చూసింది.

"గిదేంది దొరా, పెండ్లికొచ్చినవా, పనికొచ్చినవా?"

"నా పేరు మాధవరావు" అన్నాను.

"పేరు మంచిగనే ఉన్నది. నిచ్చెన పట్టు."

పట్టాను. ఆమె పైనుంటే నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకోవడమే మొదటి వారమంతా నా పని. మధ్యాహ్నం పనివాళ్ళందరూ ఒకే స్టీలు చెంబులో నీళ్ళు తాగేవారు. నేను నా సీసా, నా గ్లాసు తెచ్చుకుని కాస్త దూరంగా కూర్చునేవాణ్ణి. ఆమె అది చూసేది.

జిన్నారం దారిలో ఒక మందుల ఫ్యాక్టరీ పని మాకు వచ్చింది. మొత్తం ఎనిమిది తలుపులు. ప్రతి తలుపు పైనా ఒక చిన్న పెట్టె ఉంటుంది. రీడరు, అయస్కాంతం దానికే కలుస్తాయి. ఆ పెట్టెకు ఒక నంబరు పెడతాం, ఆ నంబరుతో పిలిస్తేనే అది పలుకుతుంది. ఎవరు ఏ గదిలోకి వెళ్ళవచ్చో ఆఫీసు కంప్యూటర్‌లో రాస్తే, ఆ మాట ఒకే ఒక తీగ వెంట అన్ని పెట్టెలకూ చేరుతుంది. ఆ తీగ సంగతి యాదమ్మ తన చెంబు ఎత్తి చూపించి చెప్పింది.

"తీగ అంటే గీ చెంబు లెక్క. ఒకడు తాగి పక్కోని చేతికిస్తడు, వాడు తాగి ఇంకోనికిస్తడు. ఎన్మిది చేతులు, చెంబు ఒక్కటే. నడుమల ఎవడన్న 'నా చెంబు వేరే' అన్నడనుకో, ఇగ నీళ్లు నేలపాలు."

"చివరివాడు ఎవరికిస్తాడు?" అని అడిగాను.

కొంగు ముడి విప్పి రంగు చారలున్న చిన్న పూస లాంటి రెసిస్టర్ తీసింది. "చివర్న గిది కడ్తం. కట్టకపోతే పోయిన మాట గోడకు తాకినట్టు మర్లొస్తది. ఒకని మాట మీద ఇంకోని మాట పడ్తది."

మూడు వారాలకు ఆమె నాకు నాలుగు తలుపులు అప్పగించి తాను గేటు వైపు వెళ్ళింది. నావి ల్యాబు, రసాయనాల స్టోరు, కార్మికులు బట్టలు మార్చుకునే గది, డైరెక్టరు గది. తీగ ఆ వరసలోనే వెళ్ళాలి. బట్టల గదిలో రబ్బరు బూట్లు, తడి తువాళ్ళు, చెమట వాసన. వాటిని దాటి, అన్నిటికంటే చివర డైరెక్టరు తలుపు. ఆయన ఎవరో నాకు తెలియదు. అయినా పెద్దమనిషి తలుపు కూలీల గది వెనక, ఆఖరి వరసలో ఉండడం నాకు మింగుడు పడలేదు. ఆయనకు విడిగా తీగ వేయడమే మర్యాద అనిపించింది. ల్యాబు దగ్గర తీగను చీల్చి, సీలింగు పలకల పైనుంచి ఆయన గదికి విడిగా ఒక పాయ లాగి, రెండు చివరలకూ పూసలు కట్టాను. ఆదివారం ఫ్యాక్టరీ ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే కంప్యూటర్‌లో ఎనిమిది తలుపులూ పచ్చగా వెలిగాయి.

"వరుసగనే పోయినవా?" అని అడిగింది యాదమ్మ.

"వరసగానే వెళ్ళాను" అన్నాను.

మా ఇంట అబద్ధమాడే అలవాటు లేదని అంతకుముందొకసారి నేనే ఆమెతో గొప్పగా చెప్పాను. ఆమె పలకలు ఎత్తి చూడలేదు.

మర్నాడు ఉదయం పని అప్పగించాలి. షిఫ్టు మొదలై తలుపులన్నీ ఒకేసారి కార్డులు చదువుతున్నాయి. ఫ్యాక్టరీ మేనేజరు ఒక కార్డును కంప్యూటర్‌లో రద్దు చేసి, దాన్నే రసాయనాల స్టోరు దగ్గర చూపించాడు. రీడరు కూసింది. తలుపు తెరుచుకుంది. వెనక్కి వచ్చి చూస్తే తెర మీద మూడు తలుపులు ఎర్రగా ఉన్నాయి. చీలిన తీగలో మాట మీద మాట పడి, ఆయన రద్దు చేసిన మాట స్టోరు దాకా చేరనే లేదు.

"అంటే పని మానేసినవాడు కూడా రేపు ఇందులోకి నడిచి వస్తాడన్నమాట. ఇక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు" అన్నాడు మేనేజరు. తరవాత యాదమ్మ వైపు తిరిగాడు. "ఆడమనిషిని నిచ్చెన ఎక్కిస్తే ఇంతే. రేపటి నుంచి ఈవిడ మా గేటు లోపలికి రావడానికి వీల్లేదు." నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారింది. "రావుగారూ, మీ తాతగారి పేరు విన్నాను. ఈ మనుషుల కింద మీరేమిటండీ? మీరే దగ్గరుండి సరిచేయించండి."

యాదమ్మ సీలింగు వైపు చూస్తోంది. ఆమె చూపు ల్యాబు దగ్గర మొదలై, నేను సరిగా అమర్చని ఒక పలక దగ్గర ఆగింది. అక్కడి నుంచి నా మీదికి వచ్చింది. ఆమెకు అర్థమైంది. అయినా నోరు తెరవలేదు. తెరిస్తే నాకు సులువయ్యేది.

"తప్పు నాది" అన్నాను.

మేనేజరు నవ్వాడు. "ఆవిణ్ణి మీరెందుకు వెనకేసుకొస్తారు?"

"వెనకేసుకు రావడం లేదు. డైరెక్టరుగారి గదికి వేరే పాయ లాగింది నేను. ఆమె అడిగితే వరసగా వేశానని అబద్ధం చెప్పిందీ నేనే. ఆ పలక తీసి చూడండి."

మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ అలాంటి మాట బయటివాళ్ళ ముందు అని ఉండరు. నేను తల దించుకోలేదు. చెయ్యి ఎత్తి ఆ పలకను చూపిస్తూ నిలబడ్డాను.

"అయిపాయె గద" అంది యాదమ్మ. "సార్, ఒక్క గంట టైమియ్యిండ్రి. దొరా, నువ్వే ఎక్కు."

మొదటిసారి నిచ్చెన ఆమె పట్టుకుంది. "దుమ్మున్నది, ఇస్త్రీ అంగీ పైలం" అంటూ కింద నుంచి ఒకటే నవ్వు. నేను ఆ పాయ కోసేశాను. బట్టల గదిలో కార్మికుల తువాళ్ళ కింద వంగి వెళ్ళి, తలుపు పైనున్న పెట్టెకు నేను కట్టిన పూస తీసేసి, అక్కడి నుంచి తీగ అందుకుని, గోడ వెంట డైరెక్టరు తలుపు దాకా తీసుకెళ్ళాను. అక్కడ ఆమె కొంగు ముడిలోంచి పూస తీసి నా చేతిలో పెట్టింది.

"కట్టు. చివర్న ఉన్నోడే అందరి మాట నిలబెడ్తడు."

మేనేజరు మళ్ళీ ఒక కార్డు రద్దు చేసి చూపించాడు. రీడరు మూడుసార్లు కసిరినట్టు కూసింది. తలుపు కదలలేదు. ఆయన కాగితం మీద సంతకం పెట్టాడు. పని చేసినవారి పేర్లు రాసే చోట నేను యాదమ్మ పేరు ముందు రాశాను. గేటు విషయం ఆయన మళ్ళీ ఎత్తలేదు.

బయట నీడన కూర్చుని యాదమ్మ నీళ్ళు తాగింది. తాగి, నా వైపు చూడకుండానే చెంబు పక్కకు చాచింది. నా సీసా సంచిలోనే ఉంది. చెంబు అందుకుని తాగాను.

"నీకు తెలిసింది కదా. మేనేజరుకు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"నేను చెప్తే చాడీ అయితది. నువ్వు చెప్తే మాట అయితది."

నాలుగేళ్ళు ఆమె కింద పనిచేశాను. చివరిదాకా నన్ను దొరా అనే పిలిచింది. మొదట్లో అందులో ఉన్న ఎగతాళి ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. మోకాళ్ళ నొప్పులతో ఆమె నిచ్చెన మానేసిన రోజున టెస్టరు నాకిచ్చి వెళ్ళింది.

ఇప్పుడు నాకు సొంత సంస్థ ఉంది. నడక ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది, దాన్ని మార్చుకునే ఉద్దేశం లేదు. ప్రతి పనిలోనూ చివరి తలుపుకు పూస నేనే ఎక్కి కడతాను. అప్పగించే రోజున సీలింగు పలకలన్నీ తీయించి, తీగ నడిచిన దారి మొత్తం చూపించాకే సంతకం అడుగుతాను. అంత అవసరం లేదని అందరూ అంటారు. నేను పలకల కింద నిలబడి మొదటి తలుపు నుంచి చివరి తలుపు దాకా ఒకసారి చూసుకుంటాను. ఆమె అడిగిన ప్రశ్న నాకు వినిపిస్తుంది. ఆమె మాటలోనే జవాబు చెబుతాను.

"వరుసగనే పోయిన, యాదమ్మా."