నిలిచే చోటు లేని ఆటోలు

సికింద్రాబాద్ స్టేషన్ బయట, చూపులేని ఒక ముసలాయన నన్ను ఆపాడు. "అన్నా, పద్మారావు నగర్ షేర్ ఆటోలు ఇయ్యాల ఏడ ఆగినయ్?"

అంత పెద్దాయన నన్ను అన్నా అనడం వింతగా తోచింది. "రోజూ ఒకేచోట ఆగవా అండీ?" అన్నాను.

"ఏడ ఆగినా పోలీసోల్లు ఎల్లగొడ్తరు. ఒక్క జాగ ఇయ్యుండ్రని ఆఫీసుల సుట్టూ తిరిగి యాష్టకొచ్చింది."

రోడ్డవతల అటు వెళ్లే షేర్ ఆటో కనిపిస్తే చెయ్యిపట్టి తీసుకెళ్లాను. ఆయన కాలు లోపల పెట్టబోతుండగానే పోలీసు విజిల్ వినిపించింది. డ్రైవర్ భయపడి ఆటోను ఉరికించాడు. ముసలాయన తూలి నా మీద పడ్డాడు.

ఎవరినీ తిట్టలేదు. నిలదొక్కుకుని, డ్రైవర్లు జనాన్ని పిలిచినట్టే, "పద్మారావు నగర్! పద్మారావు నగర్!" అని రోడ్డువైపు కేకలు పెట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి నేనూ గొంతు కలిపాను. ఒక్క ఆటో కూడా ఆగలేదు.