డింప్నా స్కాలీ పబ్బు చూడవచ్చిన రోజు

డింప్నా హార్టిగన్ మా వీధి మనిషే. ఐర్లండ్‌లోని లిమరిక్‌లో నదికి ఈవలి ఒడ్డున, పాత పిండిమర వెనక వరుస ఇళ్లలో చివరిది వాళ్లది. ఆమెకు అరవై ఒకటి. పెళ్లి చేసుకోలేదు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేసేది. అన్న కోల్మన్‌కు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాక ఆ పని మానేసి తొమ్మిదేళ్లు అతన్నే చూసుకుంది. రాత్రిపూట మూడు గంటలకోసారి లేచి అతన్ని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టాలి. లేకపోతే వీపు పుళ్లు పడుతుంది. మధ్యలో కాస్త కన్నంటుకున్నా ఆమె చెవి మాత్రం గోడ అవతల అతని ఊపిరి మీదే ఉండేది.

మంగళవారం తెల్లవారుజామున కోల్మన్ పోయాడు. శుక్రవారం ఖననం. అది అయ్యాక వచ్చినవాళ్లకు ఎక్కడో ఒకచోట భోజనం పెట్టాలి. పినతండ్రి కూతురు బ్రీజ్ అప్పటికే శ్మశానం దగ్గరి హోటల్‌వాళ్లతో మాట్లాడేసింది. డింప్నాకు మనసొప్పలేదు. కాళ్లూ చేతులూ ఆడినన్నాళ్లూ కోల్మన్ శనివారాలు గడిపింది స్కాలీ పబ్బులో. అలాగని ఆ పబ్బంటే ఆమెకేమీ గొప్ప అభిప్రాయం లేదు. ముందు వెళ్లి చూసి, మనుషులు కూర్చునే చోటో కాదో తేల్చి చెబుతానంది.

నేను ఆ పబ్బు వంటింట్లో సూపూ సాండ్‌విచ్‌లూ చేస్తాను. బుధవారం ఒంటిగంటకు ఆమె తలుపు తోసుకుని రావడం చూశాను. ఆ రోజు గుర్రప్పందాలున్నాయి, కాలు పెట్టే సందు లేదు. టీవీలో వ్యాఖ్యాత గొంతు చించుకుంటున్నాడు. ఆమెను చూసి నలుగురైదుగురు లేచి వచ్చి, పెద్ద కష్టమే వచ్చిందని ఒకరి తరవాత ఒకరు చెయ్యి పట్టుకుని, మళ్లీ టీవీ వైపు తిరిగారు. పబ్బు నడిపే ఫెర్గస్ స్కాలీ కౌంటరు వెనకనుంచి బయటికొచ్చాడు.

డింప్నా గడప దగ్గరి రెండు మెట్లనూ పరీక్షగా చూసింది. "మెట్లు లేకుండా లోపలికి రావడానికి ఇంకో దారుందా, ఫెర్గస్?" అని అడిగింది.

"పెరట్లోంచి ఉంది. చక్రాల కుర్చీ పడుతుంది. ఎవరికి?"

ఆమె మెట్ల మీంచి చూపు తిప్పుకుంది. "ఎవరికీ కాదులే," అంది.

ఫెర్గస్ ఇంకేమీ అడగకుండా ఆమెను కిటికీ పక్క చెక్క గదిలో కూర్చోబెట్టాడు. అది ముగ్గురు పట్టే గది, తలుపు సగమే ఉంటుంది. నేను బంగాళాదుంప సూపు, వెన్న రాసిన గోధుమ రొట్టె, టీ తీసుకెళ్లాను. ఆమె అన్నీ తప్పులే చెప్పింది. తివాచీ కంపు కొడుతోందట. మరుగుదొడ్డి తలుపు సరిగా పడడం లేదట. నలభై మందిని ఎక్కడ కూర్చోబెడతామంది. నేను ఒప్పుకున్నాను, అవన్నీ నిజాలే. "మా అన్న ఈ గోలలో ఏం సుఖపడ్డాడో నాకర్థం కాదు," అంది చివరికి.

పది నిమిషాల తరవాత గిన్నె తీయడానికి వెళితే నిద్రపోతోంది. తల చెక్కగోడకు ఆనింది, చెంచా ఇంకా చేతిలోనే ఉంది. పక్క బల్ల దగ్గర ముసలి టైగ్ తను పందెం కాసిన గుర్రాన్ని తిడుతున్నాడు, ఎవరో గ్లాసు పగలగొట్టారు, ఆమె కదల్లేదు. చెంచా మెల్లగా తీసేసి నా స్వెట్టర్ కప్పాను. గంటైంది, రెండు గంటలైంది. సూపు గిన్నెలన్నీ కడిగేశాను.

మూడున్నరకు బ్రీజ్ వచ్చింది. హోటల్‌వాళ్లు మాట కోసం కాచుకుని ఉన్నారట. చెక్క గదిలోకి తొంగిచూసి ఫెర్గస్ మీద విరుచుకుపడింది. "దుఃఖంలో ఉన్న మనిషి పడుకుంటే ఈ గొడవేంటయ్యా? మీకు ఇంగితం లేదా? ఆపండది." ఫెర్గస్ టీవీ కట్టేశాడు. మగాళ్లంతా బడిపిల్లల్లా నోళ్లు మూసుకున్నారు. పబ్బు మొత్తం చడీచప్పుడు లేకుండా అయింది.

అంతే, డింప్నా ఉలిక్కిపడి లేచింది. సగం తలుపు పట్టుకుని నిలబడింది, ముఖం పాలిపోయింది. "కోల్మన్?" అంది. మమ్మల్ని వరసగా చూసింది. ఎక్కడుందో తెలియడానికి కొంచెంసేపు పట్టింది. మంగళవారం ఆమె మేలుకున్నది కూడా అలాగే, గోడ అవతల ఏ చప్పుడూ వినిపించక. ఆ సంగతి నాకు తరవాతెప్పుడో చెప్పింది.

బ్రీజ్ ఆమె భుజం పట్టుకుంది. "ఇదేనా నువ్వు చూసొస్తానన్నది? పదవే, హోటల్‌కి పోదాం. అక్కడ ప్రశాంతంగా ఉంటుంది."

"నాకు ప్రశాంతం వద్దు బ్రీజ్. తొమ్మిదేళ్లు దాన్నే వింటూ కూర్చున్నా." డింప్నా మళ్లీ కూలబడింది. "ఫెర్గస్, శుక్రవారం ఇక్కడే పెడదాం. టీవీ పెట్టు బాబూ, వాళ్లని మాట్లాడుకోనివ్వు."

శుక్రవారం నలభై కాదు, డెబ్బై మంది వచ్చారు. సగం మంది నిలబడే తిన్నారు. మాంసం చల్లారిపోయిందని ఇద్దరు ముగ్గురు సణిగారు. బ్రీజ్ ముభావంగా ఒక మూల కూర్చుని తొందరగా వెళ్లిపోయింది. ఆ రోజు వంటా వడ్డనా నేను అనుకున్నంత బాగా చేయలేకపోయాను.

అందరూ వెళ్లాక డింప్నా వంటింట్లోకి వచ్చి తువ్వాలు అందుకుని పళ్లాలు తుడవబోయింది. కూర్చోమన్నాను. "కూర్చుంటే ఏం చేయాలో తెలియడం లేదు," అంది. నాలుగు తుడిచింది. అయిదోది చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. నేను పళ్లెం తీసుకుని, కోటు తొడిగించి, ఇంటిదాకా తోడు వెళ్లాను. దారిలో ఆమె నడవడానికే ఓపిక లేనట్టు నా చెయ్యి పట్టుకుంది.