మణియమ్మ బోర్లించిన చేయి

ముందే చెప్పేస్తాను, ఈ నూకరాజుకి, అంటే నాకు, ముక్కు మీద కోపం. సంతోషం వచ్చినా అంతే, పట్టలేను. యానాం నుంచి బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి, అద్దె ఇంట్లో ఇంటాయనతో రోజూ పోట్లాడుకుంటూ ఉన్న రోజుల్లో ఎవరో ఈ కూట్టుతోట సంగతి చెప్పారు. ఊరి బయట, ఏంబలం వెళ్ళే దారిలో, పన్నెండు కుటుంబాలు కలిసి ఇళ్ళు కట్టుకున్నాయి. ఎవరి ఇల్లు వాళ్ళదే. వంటిల్లు ఒకటి, బావి ఒకటి, కూరగాయలూ అరటీ పండించే తోట ఒకటి. ఆ తోటలోకి రసాయనపు ఎరువు సంచీ, పురుగుమందు డబ్బా అడుగు పెట్టకూడదు. మధ్యాహ్నం అందరికీ ఒకే పంక్తిలో భోజనం. వినగానే నేనూ మా ఆవిడ దేవిశ్రీ ఎగిరి గంతేశాం. చేరిన మొదటి వారంలోనే నాకు మణియమ్మ తగిలింది.

ఆవిడ పుట్టిల్లు ఏంబలం. అక్కడ తరతరాలుగా ఉంటున్న తెలుగు రైతుల ఇంటి పిల్ల. పద్దెనిమిదేళ్ళకి పెళ్ళయి ముత్తియాల్‌పేట వచ్చింది. భర్త అరుణాచలం అక్కడ సైకిళ్ళు బాగుచేసే కొట్టు నడిపేవాడు. ఆవిడ ఇంటి అరుగు మీద ఇడ్లీలు పోసి అమ్మేది. అలా నలభై ఏళ్ళు గడిచాక ఇద్దరూ ఈ తోటలో చేరారు. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు, చదవడం అంతా తమిళమే. నా తెలుగు మొదటిసారి విని, "ఏంది తమ్ముడా, రేడియోలో వార్తలు చెప్పే మాదిరి మాట్లాడతా ఉండావే!" అని పడీ పడీ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. యానాంలో నన్నెవరూ అలా అనలేదు.

అసలు మంట తరవాత వచ్చింది. మా తోటలో ఒక పద్ధతి ఉంది. ఏ పని తలపెట్టినా అందరం హాల్లో గుండ్రంగా కింద కూర్చుంటాం. అడగాల్సిన వాళ్ళు అడుగుతారు. మాట్లాడుకోవడం అయ్యాక కుడిచేయి మోకాలి మీద పెట్టాలి. అరచేయి వెల్లకిలా పెడితే సరే అని, బోర్లిస్తే వద్దని. ఒక్క చేయి బోర్లా పడిందా, ఆ పని అక్కడే ఆగిపోతుంది. మణియమ్మ చేయి ఎప్పుడూ బోర్లానే.

నేను యానాం వాణ్ణి, ఎండు మెత్తళ్ళ చేపల వాసన తగలకపోతే నాకు ఆదివారం ఆదివారంలా ఉండదు. నెలకొక్కసారి పెద్ద వంటింట్లో వండుకుందామని అడిగాను. ఆవిడ చేయి బోర్లించింది. "తినద్దనలా తమ్ముడా. నీ ఇంట్లో వండుకో, కడుపునిండా తిను. అందరూ తినే మూకుట్లో వద్దు." వారం రోజులు ఆవిడ మొహం చూడలేదు నేను. సేదరపేట్ ఫ్యాక్టరీలో పనిచేసే ఉదయకుమార్ హాల్లో పెద్ద స్పీకర్లు పెడదామన్నాడు. బోర్లా. అతని భార్య సుధ ముంగిలంతా సిమెంటు చేయిద్దామంది. బోర్లా. ఆ ఏడాది వానకి ముంగిట్లో నీళ్ళన్నీ మట్టిలో ఇంకిపోవడం చూసి సుధ నోరు మూసుకుంది గాని, లోపల గుర్రుగానే ఉంది. మణియమ్మ వెనకాల అందరం ఆవిణ్ణి వేండామక్క అనేవాళ్ళం. తమిళంలో వద్దనే మాటతో పెట్టిన పేరు. ఆ పేరు పెట్టింది నేనే, అందుకు నాకేమీ సిగ్గు లేదు.

ఊరి పేరు పాండిచ్చేరి నుంచి పుదుచ్చేరి అయిన మరుసటి ఏడాది అనుకుంటాను, వానలు మొదలయ్యే ముందు మణియమ్మ మేడ మీద పచ్చగా ఏదో మొలిచింది. ప్లాస్టిక్ పట్టా పరిచి, మన్ను పోసి, తడి గోనెలు కప్పి పెంచుతోంది. ఎవరడిగినా "గడ్డిలే" అనేది. మా అందరిలో పెద్దవాడు రామానుజం గారు, బ్యాంకులో చేసి రిటైరయిన మనిషి. ఆరోగ్యం మీద పిచ్చి ఆయనకి. గోధుమ గడ్డి రసం తాగితే రోగాలన్నీ పారిపోతాయని ఎక్కడో చదివాడు. మేడ మీద గడ్డి అనగానే ఆయనకి ఇంకేం అక్కర్లేకపోయింది. ఒక పొద్దున్నే కత్తెర పట్టుకెళ్ళి ఒక మూల శుభ్రంగా కోసుకొచ్చి, మిక్సీలో తిప్పి, నిమ్మరసం పిండి, తేనె కలిపి తాగేశాడు. పైగా ధర్మాత్ముడు కదా, నాకూ ఒక గ్లాసు తెచ్చిచ్చాడు. సగం తాగాను. పశువుల పాకలో నిలబడి నోరు తెరిచినట్టుంది.

అప్పుడు వినబడింది మేడ మీంచి కేక. "అయ్యో, అయ్యో! నా నారు! ఎవురు కోసింది నా నారు?"

మెట్లు దిగి వస్తున్న మణియమ్మకి రామానుజం గారు ఎదురెళ్ళాడు, మీసాలకి ఇంకా పచ్చ రంగు అంటుకునే ఉంది. "నారా? ఏం నారమ్మా?"

"వరినారు సార్! మీరు తాగింది వరినారు!"

నేను నవ్వాపుకోలేకపోయాను. గ్లాసు కింద పెట్టి కడుపు పట్టుకుని నవ్వాను. కాసేపటికి చూస్తే ఆవిడ మెట్టు మీద కూలబడి ఉంది. మొహం వాడిపోయింది. నవ్వు ఆపేశాను.

"ఏంటి పిన్నిగారూ ఇదంతా? ఎందుకీ నారు?" అన్నాను పక్కన కూర్చుని.

"మా నాయన మడిని మావోళ్ళు అమ్మేసినారు తమ్ముడా. పోయిన ఏడు పోయి చూసినా. నేను నారు నాటిన మడిలో ప్లాట్లకి రాళ్ళు నాటి ఉండారు. పెండ్లయినాక నేను మళ్ళా మడిలో దిగలా. మోకాళ్ళు పూరా పోయేలోపల ఒక్కతూరి నాటాలని ఆశ. ఆ బావి పక్క పల్లపు మూల ఉండాది కదా, ఆడ నీళ్ళు నిలిచి ఏమీ పండదు. దాన్ని అడగాలనుకున్నా."

"మరి అడక్కుండా నారు ఎందుకు పోశారు?"

"అడిగితే? నేను ఎంతమందికి చేయి బోర్లించినా! నాకెవురు వెల్లకిలా పెడతారు? నారు వచ్చినాక అడిగితే దాని మొహం చూసైనా పెడతారనుకున్నా. ఇంక నాలుగు నాళ్ళు పోతే నారు ముదిరిపోతాది."

ఆకాశం చూస్తే తూర్పున మబ్బు పడుతోంది. నాకు కాళ్ళు నిలవలేదు. ఇంటింటికీ తిరిగి సాయంత్రం కూటం ఉందని నేనే చెప్పొచ్చాను. చెప్పేటప్పుడు కూడా లోపల ఇంకో సంగతి గింజుకుంటూనే ఉంది. మెత్తళ్ళు. ఈ ఒక్కసారి నేను చేయి బోర్లిస్తే ఎలా ఉంటుంది?

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అందరం కూర్చున్నాం. నా పక్కన దేవిశ్రీ, నా మనసులో ఏముందో కనిపెట్టి తొడ మీద గట్టిగా గిల్లింది. మణియమ్మ రెండు ముక్కల్లో అడిగి తల దించుకుంది. ఆవిడ మోకాళ్ళ గురించి డాక్టరు ఏం చెప్పాడో అప్పటికే తోటంతా తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. చేతులు పెట్టమన్నాడు రామానుజం గారు. ఒకటీ, రెండూ, అన్నీ వెల్లకిలా పడ్డాయి. సుధదీ పడింది, ఉదయకుమార్‌దీ పడింది. నాదీ! ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టబోయి ఆగాను. ఇంకా ఒక చేయి మిగిలి ఉంది. మణియమ్మ చేయి.

ఆవిడ దాన్ని బోర్లించింది.

"ఏందక్కా ఇది! అడిగింది నువ్వు, వద్దనేదీ నువ్వేనా?" ఉదయకుమార్ లేచి నిలబడ్డాడు.

"కూచో. మీరంతా నా మోకాళ్ళకి చేయి పెట్టినారు. నా వరికి కాదు." ఆవిడ గొంతు పెంచింది. "అరటి పెడదామంటే మూడు కూటాలు కొట్లాడినామే! నేను వరి అడిగితే ఒక్కరన్నా అడిగినారా, నీళ్ళు యాడి నుంచి వస్తాయని? దోమలు పుడితే ఏంది గతి అని? గుడిలో పులిహోర పెట్టే మాదిరి చేతిలో పెట్టేస్తారా? నేనేమన్నా పోయే ప్రాణమా? కొట్లాడండి నాతో!"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. నిజమే, నేను పెట్టింది జాలి చేయే.

సుధ మొదలుపెట్టింది. ఆమెకి చంటిబిడ్డ. "సరి అక్కా, అడగతా. ఆ మూల మా కిటికీ కిందే ఉండాది. దోమలు లేస్తే నా బిడ్డ గతి ఏంది?"

"అట్ల అడుగు!" అంది మణియమ్మ, కళ్ళు మెరిశాయి. "చేపపిల్లల్ని వదులుదాం, దోమపిల్లల్ని అవి తింటాయి."

"అవి తినేలోపల?"

"సరి, మీ కిటికీ పక్క వరకు మడి వద్దు. ఆడికి నీళ్ళు రాకుండా గట్టు వేద్దాం."

అంతే, గేటు తెరిచినట్టయింది. ఉదయకుమార్ బావినీళ్ళ లెక్క ఎత్తాడు. వాన సరిగ్గా పడకపోతే కూరగాయలకి ఆపి వరికి పెడతావా అన్నాడు. పెట్టను, వరి ఎండినా సరే అందావిడ. రామానుజం గారు ఎలకల సంగతి తీశాడు. నేను లేచి అరిచాను. "అవన్నీ సరే! అందరికీ పద్ధతులు చెప్పే మనిషి, మేడ మీద దొంగచాటుగా నారు పోయడం ఏం పద్ధతండీ?" ఆవిడా లేచి నిలబడి అరిచింది. "తప్పే! తప్పేనయ్యా! ఒప్పుకుంటా ఉండా కదా, చెవులు మూసుకొని ఉండావా?" ఇద్దరం మొహాలు ఎర్రగా చేసుకుని నవ్వాం. ఇంత మంచి కొట్లాట మా తోటలో ఎన్నడూ జరగలేదు. వంటింట్లో చారు చల్లారిపోయినా ఎవరూ లేవలేదు.

అప్పుడు అరుణాచలం నోరు విప్పాడు. ఎవరి గొడవలోకీ రాని మనిషి, కూటంలో ఆయన గొంతు అంతకుముందు నేను వినలేదు. "ఈమె చేత నాటడం కాదు. వంగద్దని డాక్టరు చెప్పినాడు. అది ఎవురూ అడగరేం?"

అందరం లోపల దాచుకున్నది అదే. మణియమ్మ భర్త వైపు చూసింది. "సరి," అంది. "నేను దిగను. గట్టు మీద కూచుంటా. మీరు నాటండి."

మళ్ళీ చేతులు పెట్టాం. ఈసారి సుధ బాగా ఆలోచించి వెల్లకిలా పెట్టింది. ఆఖరున మణియమ్మ అరచేయి వెల్లకిలా పడింది. అది చూసి నేను నిజంగానే చప్పట్లు కొట్టాను, దేవిశ్రీ గిల్లినా ఆగలేదు.

ఆదివారం పొద్దున వాన మొదలైంది. ఫ్యాక్టరీకీ ఆఫీసుకీ సెలవు. కట్టలు కట్టిన నారు మేడ మీంచి చేతులు మార్చుకుంటూ దించాం. బురదలో కాలు పెట్టగానే నేను వెల్లకిలా పడ్డాను, నా వెనక ఉదయకుమార్. మణియమ్మ గట్టు మీద గొడుగు కింద కూర్చుని అందరినీ ఏకేసింది. "నూకరాజూ, అది వరసా, పామా? సుధా, అంత లోతు గుచ్చితే పైకి ఎట్ల వస్తాది?" రామానుజం గారు లుంగీ ఎగ్గట్టి నారు అందిస్తున్నాడు. నోట్లో ఒక్క పోచ కూడా పెట్టలేదని అడక్కుండానే ప్రమాణం చేశాడు. అరుణాచలం మడి అంచున నిలబడి భార్య మీదే కన్నేసి ఉన్నాడు.

సగం మడి అయ్యాక తిట్లు ఆగిపోయాయి. తల ఎత్తి చూస్తే గట్టు మీద గొడుగు ఒక్కటే ఉంది. మణియమ్మ మడిలో ఉంది. కొంగు నడుముకి దోపి, ఎడమచేయి మోకాలి మీద ఆన్చి, కుడిచేత్తో నారు పట్టుకుని వంగింది. అరుణాచలం ఏదో అనబోయి మానుకున్నాడు. మేం అందరం పని ఆపేసి నిలబడ్డాం. ఇన్నాళ్ళూ మేం తిట్టుకున్న చేయి ఎలా నాటుతుందో చూడాలని మాకందరికీ ఆత్రం. ఆవిడ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మెల్లగా ఒక వరస నాటుకుంటూ వెళ్ళి, తిరిగి చూసింది.

వరస ఎటు పోవాలో తెలియక రెండు వంకలు తిరిగింది. సగం మొక్కలు నీళ్ళ మీద తేలుతున్నాయి. నాదే నయం.

పెళ్ళయినప్పటి నుంచి ఎదురుచూసిన పని!

"మర్చిపోయినా," అంది ఆవిడ నెమ్మదిగా. తన చేతుల వైపు చూసుకుంది. "అంతా మర్చిపోయినా!" పెదవులు అదిరాయి, ఏడుస్తుందనుకున్నాను. నవ్వు! ఆ నవ్వు ఆపుకోలేక బురదలోనే కూర్చుండిపోయింది. చూస్తూ చూస్తూ మేమూ మొదలుపెట్టాం. ఉదయకుమార్ నారు కట్ట వదిలేసి నవ్వాడు.

"పీకి మళ్ళా నాటదామా అక్కా?" అంది సుధ, కళ్ళు తుడుచుకుంటూ.

"ముట్టుకోవద్దు! అది నాది." మమ్మల్ని చేయి పట్టుకుని లేపమంది. నేనొక పక్క, అరుణాచలం ఒక పక్క పట్టుకుని లేపాం. "తమ్ముడా, నీ మొక్కలు తేలలేదే, ఎట్ల నొక్కినావు?" అని అడిగింది. బొటనవేలితో చూపించాను. శ్రద్ధగా చూసింది. తేలిన మొక్కల్ని ఒక్కొక్కటే నొక్కింది, తరవాత కొత్త కట్ట చేతిలోకి తీసుకుంది.

"ఇంకొక వరస నాటతా. అంతే, ఎక్కి కూచుంటా. వంక పోతే చెప్పండి. చెప్పకుండా ఊరుకున్నారో, నేను ఊరుకోను."

చెప్పాం. వానలో, గొంతులు చించుకుని, ఇటు అటు పరిగెడుతూ చెప్పాం. కుడికక్కా, ఎడమకి పిన్నిగారూ, అయ్యో మళ్ళీ పోయింది! ఆవిడ మమ్మల్ని తిడుతూ, నవ్వుతూ, అవతలి గట్టు చేరింది. రెండో వరసా వంకరగానే వచ్చింది. ఆ మాట అందరం ఆవిడ మొహం మీదే చెప్పాం.